కోరుకొండ నుంచి తెచ్చిన పాట

గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులు. ధవళేశ్వరం రంగరాజు గారి భార్య రత్నమాణిక్యం ఆ పొద్దున గూడుబండిలో కోరుకొండ నరసింహస్వామి దర్శనానికి బయలుదేరింది. మోకాళ్ళ నొప్పులతో కొండ ఎక్కలేనని అత్తగారు నీలవేణమ్మ ఇంట్లోనే ఉండిపోయారు. బండి రాజమండ్రి దాకా నిజాయితీగానే వెళ్ళి, అక్కడ నాటకాల పందిరి ముందు ఆగిపోయింది.

పడమటి దేశపు కంపెనీ, హిందుస్తానీ నాటకం. గాజులమ్మే వేషంలో ప్రియురాలి ఇంట దూరిన రాకుమారుడు, కంగారులో ఆవిడ తండ్రికి గాజులు తొడుగుతాడు. ఘోషా స్త్రీల కోసం పగటి ఆట వేసి, ఏ ఇంటివారూ మరో ఇంటివారి కంట పడకుండా మధ్యన దుప్పట్లు కట్టారు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా రత్నమాణిక్యం పొట్ట పట్టుకుని నవ్వింది. దుప్పటి అవతల ఎవరో గాజులు గలగలలాడిస్తూ గాజులవాడి పాటకు తాళం వేశారు. ఈలోగా దాసీ లోవలక్ష్మి అంగట్లో కుంకుమ కొనడంతో దర్శనం కూడా అయిపోయింది.

మర్నాడు మజ్జిగ చిలుకుతుంటే పాట తనంతట తానే బయటికొచ్చింది. ఏంటమ్మా అదని అత్తగారు అడిగారు. నాటకమని తెలిస్తే ఇక జన్మలో గడప దాటనివ్వరు.

"కొండమీద గోసాయిలు పాడారండి అత్తయ్యగారూ. స్వామి మీదే."

నీలవేణమ్మ గారు కళ్ళు మూసుకుని మళ్ళీ పాడించుకున్నారు. శనివారానికి పాట ఇంటి భజనలో చేరింది. ఆ పై శనివారం వీధిలోని ఆడవాళ్ళంతా హారతిపళ్ళెం పట్టుకుని గాజులవాడి సరసాన్ని స్వామికి విన్నవించుకున్నారు. పాట వింటే తలనొప్పి తగ్గుతోందని ఊళ్ళో పేరొచ్చింది. రంగరాజు గారు కొత్త మద్దెల కొన్నారు.

అంతలో ఓ శనివారం భజన వేళకు కాశీ నుంచి నిజం గోసాయే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చరణం దగ్గర ఆయన భుజాలు అదిరాయి, కళ్ళు చెమర్చాయి. పారవశ్యం అనుకున్నారందరూ. రంగరాజు గారు చేతులు కట్టుకుని పాటకు అర్థం సెలవిమ్మన్నారు. గోసాయికి తెలుగొచ్చు. తెర వెనక రత్నమాణిక్యం కొంగు నోట్లో కుక్కుకుంది.

పక్కనుంచి అత్తగారి గొంతు లేచింది. "అన్నం చల్లారిపోతోంది అబ్బాయీ, ముందు విస్తరి వేయించు. భక్తికి అర్థాలతో పనేంటి?"

గోసాయి కడుపునిండా తిని, నవ్వు ఆపుకుంటూ దీవించి వెళ్ళిపోయాడు. కోడలు వంటింట్లో అత్తగారి కాళ్ళ మీద పడబోయింది.

"లేమ్మా. రెండో చరణం పైకెత్తాలి, నువ్వేమో దించేస్తున్నావు."

"మీకెలా తెలుసండి?"

నీలవేణమ్మ గారు గాజులు సర్దుకున్నారు. "దుప్పటి అవతల నీ నవ్వుకి నాకు సగం పాట వినపడనే లేదు. పోనీలే, ఇంటికి పట్టుకొచ్చి వారం వారం పాడి పెట్టావు. ఆ మేలు మర్చిపోతానా?"

మరుసటేడు కంపెనీ మళ్ళీ దిగిందని తెలిసిన పొద్దున, అత్తాకోడళ్ళిద్దరూ ఒకే బండిలో కోరుకొండ బయలుదేరారు. మోకాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.