నయమైన అప్పలసూరి

రోగం రావడం దేవుడి చేతుల్లో ఉన్నా, నయం కావడం మాత్రం పూర్తిగా ప్రభుత్వం చేతుల్లోనే ఉండాలని ఆరోగ్యశాఖ ఏనాడో నిర్ణయించింది. (దేవుడు అభ్యంతరం తెలిపినట్టు దాఖలాలు లేవు.)

సుభద్రమ్మకు ఈ నిర్ణయం తెలియదు. వరి ఊడ్పుల్లో ఆమె మొగుడు అప్పలసూరి పాదంలో గాజుపెంకు దిగింది. అసలే షుగరు మనిషి. పుండు చీము పట్టి, పిక్క దాకా వాచింది. ఆటో ఎక్కించి, చీపురుపల్లి అవతల కొత్తగా కట్టిన ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది.

ఆ రోజు అక్కడ డాక్టరు తప్ప అందరూ ఉన్నారు. రాజధాని నుంచి పెద్దలు వీడియోలో కేంద్రాన్ని పరిశీలించి, నయమైన రోగి ఒకరితో ముచ్చటించాల్సి ఉంది. కేంద్రం తెరిచాక నయమైనవాళ్ళు ఇంకా ఎవరూ లేరు. డాక్టరు పోస్టు మంజూరు కావాల్సి ఉంది. ఎవరికి నయమైందో తేల్చే 'నయం ధ్రువీకరణాధికారి' పోస్టు మాత్రం ముందే భర్తీ అయింది. అందులో ఉన్నాయన తిరుమలరావు.

"ఏటమ్మా, ఈయన నిలబడగలడా?" అని అడిగాడు.

"నిలబడతాడు గానీ బాబూ, ముందు కాలు సూడండి. కంపు కొడతన్నాది."

"వీడియోలో కంపు రాదమ్మా."

అప్పలసూరికి ఎవరిదో ఇస్త్రీ చొక్కా తొడిగి, పంచె పాదాల మీదికి దించి నిలబెట్టారు. తెర మీది పెద్దాయన ఎలా ఉన్నావని అడిగాడు. "బాగున్నాను బాబూ," అన్నాడు అప్పలసూరి. ఎవరడిగినా అతను చెప్పే మాట అదే. మర్యాద తెలిసిన మనిషి. తెర మీద చప్పట్లు కొట్టారు. అతను చెమటలు కక్కుతూ కూలబడ్డాడు.

"ఇప్పుడైనా మందెయ్యండి," అంది సుభద్రమ్మ.

తిరుమలరావు కంప్యూటరు చూపించాడు. "ఈయనకి నయమైపోయినాదని ఎక్కిపోయిందమ్మా. నయమైనోడికి అదే రోగానికి మందిస్తే తప్పు మాదవుతాది. నెల తిరిగాక కొత్త రోగిగా తీసుకురా."

"అందాకా కాలు ఆగుతాదా బాబూ?"

"అది కాలు సెప్పాల. నాను సెప్పకూడదు."

నయమైనవాడికి పెద్దాసుపత్రికి చీటీ రాయడం కూడా కుదరదట. తోడు మనిషిని వెతుక్కుని, రైలెక్కించి, విజయనగరం చేర్చేసరికి చీము ఎముకకి పట్టింది. ప్రాణం దక్కాలంటే కాలు తీయక తప్పదన్నారు. మోకాలి కింద తీసేశారు. తెలివొచ్చాక అప్పలసూరి, మిగిలిన మడి ఊడ్చారా అని అడిగాడు. 

తర్వాత షుగరు మాత్రల కోసం ఆమె ఒక్కతే కేంద్రానికి వెళ్ళింది. గోడ మీద పెద్ద ఫొటో. ఇస్త్రీ చొక్కాలో, రెండు కాళ్ళ మీద నిలబడిన అప్పలసూరి. చాలాసేపు చూసింది.

"ఆ పొటో నాకిచ్చీండి బాబూ. రెండు కాళ్ళతో ఉన్నది మాకింట్లో ఒక్కటీ లేదు."

తిరుమలరావు నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇవ్వలేనమ్మా. మా సెంటర్లో నయమైనోడు ఈయనొక్కడే."