రాకుండానే మేలు చేస్తున్న మా మెట్రో

దేశంలో ఎన్ని మెట్రోలైనా ఉండనివ్వండి, మా విశాఖపట్నం మెట్రోకి సాటి లేదు! స్టేషన్ మెట్ల మీద ఒక్క కిళ్లీ మరక కనిపించదు. బోగీలో సీటు కోసం ఒక్క తగువు జరగదు. ఎస్కలేటర్ ఆగిపోయిందన్న ఫిర్యాదు ఈ రోజు వరకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇంత శుభ్రమైన, ఇంత మర్యాద గల రైలు మీ ఊళ్లో ఉందా?

అసలు రైలే రాలేదు కదా అంటారు మీరు. అందుకే కదండీ మరి ఇంత శుభ్రం!

కొందరు ఓర్వలేనివాళ్లు "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మమ్మల్ని ఎత్తిపొడుస్తున్నారు. వాళ్లకి నా జవాబు ఒక్కటే. పుట్టిన సోమలింగం ఏం చేస్తాడండీ? బైకు కొనమంటాడు. ఇంజనీరింగులో తొమ్మిది సబ్జెక్టులు తప్పుతాడు. ఇదేమిట్రా అంటే తలుపు ధడాలున వేసుకుంటాడు. పుట్టని సోమలింగం వల్ల ఏ తల్లైనా కంటతడి పెట్టిందా? మా మెట్రో కూడా అంతే. పేరుంది, ఆశ ఉంది, బెంగ లేదు.

ఇంత ధీమాగా చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారేమో. నేను గోపాలపట్నంలో ఉంటాను. పోర్టులో ముప్పై మూడేళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం 'భావి మెట్రో ప్రయాణికుల సంక్షేమ సంఘం' కార్యదర్శిని. ప్రయాణికుల సంఘాలు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి. ప్రయాణం మొదలు కాకముందే సంక్షేమం మొదలుపెట్టిన సంఘం మాత్రం, నాకు తెలిసి, మాదొక్కటే.

మా సంఘం సమావేశాలు టీ కొట్టు దగ్గర జరుగుతాయి. అక్కడ గోడకి ఒక మ్యాపు అంటించి ఉంటుంది. మొదట అందులో లైను ఊళ్లోనే ఉండేది. తర్వాత భీమిలి దాకా పొడిగించాం. ఒక ఆదివారం ఊసుపోక అనకాపల్లి దాకా లాగాం. ఇంకో ఆదివారం జాలరిపేట నుంచి మా గోపాలపట్నానికి అడ్డంగా ఇంకో లైను వేసి, రెండింటినీ కలిపేశాం. వెయ్యని లైనుని పొడిగించడంలో ఉన్న సుఖం వేసిన లైనుని పొడిగించడంలో ఎక్కడుంది? భూసేకరణ అక్కర్లేదు, కోర్టు కేసులుండవు, ఒక్క స్కెచ్ పెన్ను చాలు. తూర్పు వైపు సముద్రం అడ్డొచ్చింది కాబట్టి ఆగాం గానీ!

సర్వే వాళ్లు కూడా మాకు బంధువుల్లాగే అయిపోయారు. ఏడాదికోసారి వస్తారు, మట్టి తవ్వుతారు, సీసాలో పోసుకుంటారు, కాఫీ తాగి వెళ్తారు. ఒక ఏడు లైను మా ఇంటి ముందు నుంచి అన్నారు. ఇంకో ఏడు వెనక నుంచి అన్నారు. మొన్నటి ఏడు సరిగ్గా మా వంటింట్లోంచి పోతుందని గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశారు. నేను కంగారు పడ్డాను గానీ, మా ఆవిడ నాగశ్రీ పడలేదు.

"పోనివ్వండి. ఆ వంకనైనా ఆ కిటికీకి కొత్త ఊచలేస్తారు. పదకొండేళ్లనించి మీకు చెప్తన్నాను" అంది.

ఇళ్లు కట్టేవాళ్లకైతే మెట్రో దైవంతో సమానం. మా వెనక కొండ మీద కట్టిన అపార్ట్‌మెంటుకి 'మెట్రో వ్యూ' అని పేరు పెట్టారు. అయిదో అంతస్తు బాల్కనీలో నిలబడితే వ్యూ బ్రహ్మాండంగా ఉంటుంది. ఎన్ఏడీ కొత్తరోడ్డు కనిపిస్తుంది, పోర్టు క్రేన్లు కనిపిస్తాయి, మబ్బు లేకపోతే సముద్రం కూడా కనిపిస్తుంది. మెట్రో ఒక్కటే ఎక్కడా అడ్డు రాదు.

ఇక మా సంఘం సాధించిన అసలు విజయం గురించి చెప్పాలి.

మేం చాలా అర్జీలు ఇచ్చాం. మురుక్కాలవ మీద పలకలు వెయ్యమని ఇచ్చాం. వెయ్యలేదు. వీధి దీపం వెలిగించమని ఇచ్చాం. వెలగలేదు. కుక్కల సంగతి చూడమని ఇచ్చాం. ఇప్పుడు కుక్కలే మా సంగతి చూస్తున్నాయి. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మా వీధి చివర, హైవే పక్కన పాత బస్ షెల్టరు ఒకటి ఉండేది. పొద్దున్నే దాని నీడలో ముగ్గురు నలుగురు చేపలమ్మే ఆడవాళ్లు కూర్చునేవారు. రేపు మెట్రో స్టేషన్ రాబోయే చోట చేపల వాసన ఏమిటండీ? "సదరు షెల్టరును తొలగించి, స్థలమును భావి స్టేషన్ ప్రాంగణముగా పరిరక్షించవలసినది" అని ఒక అర్జీ రాశాను. నా దస్తూరీ బాగుంటుంది. పోర్టులో అందరూ మెచ్చుకునేవారు.

తొమ్మిదో రోజుకల్లా షెల్టరు లేదు! మా అర్జీల్లో పని జరిగింది అదొక్కటే. ఆ రోజు టీ కొట్టు దగ్గర నాకు పూలదండ కూడా వేశారు.

తర్వాత మేళ్లు వాటంతటవే జరుగుతూ పోయాయి. షెల్టరు లేదు కాబట్టి బస్సు అక్కడ ఆగడం మానేసింది. ఆగని చోట ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉండరు కదా? దిగేవాళ్లు లేరు కాబట్టి, బీచి వైపు నుంచి పొద్దున్న అయిదున్నరకి బయల్దేరే ఆ బస్సునే తీసేశారు. అదేమిటని ఎవరో అడిగితే, "మెట్రో వస్తోంది కదండీ ఇంక" అన్నారట. మెట్రో వస్తే బస్సులు తగ్గుతాయని పెద్ద పెద్ద ఇంజనీర్లు చెబుతుంటారు. రాకముందే తగ్గించి చూపించిన ఘనత మాది.

వ్యాపారం కూడా పుంజుకుంది. షెల్టరు ఉన్న చోటికి ఎదురుగా జిలానీ బాషా గొడుగుల షాపు ఉంది. వన్ టౌన్ కుటుంబం, మూడు తరాలుగా గొడుగులు అమ్ముతూ బాగుచేస్తూ ఉన్నారు. అభినందిద్దామని వెళ్లాను.

"ఏటి భాయ్, గిరాకీ ఎలాగుంది?"

"మీ దయ సార్. నీడ మీరు పీకించీసినారు, నాను అమ్ముకుంటన్నాను."

"మరి మొహం అలా పెట్టావేం?"

"కాశమ్మక్క ఎండలో నిలబడుంటే చూళ్లేకపోయాను సార్. ఓ గొడుగు ఊరికినే ఇచ్చీసినాను. ఓ చేత్తో గంప, ఓ చేత్తో గొడుగు, మరి బస్సు కమ్మీ ఏ చేత్తో పట్టుకుంటానురా బాషా అనడిగింది. బస్సే నేదు గదక్కా, ఫికర్ ఏల అన్నాను."

బాషాకి ప్రగతి అంటే ఏమిటో ఇంకా పూర్తిగా అర్థం కాలేదని నాకు తెలిసిపోయింది. వచ్చేశాను.

ఈ కాశమ్మ ఎవరో చెప్పలేదు కదూ. ఆ షెల్టరు నీడలో కూర్చునే ఆడవాళ్లలో ఒకావిడ, జాలరిపేట మనిషి. అరవై దాటాయి. తెల్లారకముందే పడవలు ఒడ్డుకి రాగానే వేలంలో చేపలు పాడుకుని, ఆ అయిదున్నర బస్సులో వెనక మెట్ల దగ్గర గంప పెట్టుకుని, ఏడు లోపల మా వీధిలో ఉండేది. ముప్పై ఏళ్ల వాడుక. ఎవరింట్లో శనివారం నీచు ముట్టరో, ఏ ముసలాయనకి ముల్లు పడదో, ఎవరి కోడలికి నెలలు నిండుతున్నాయో ఆవిడకి తెలుసు. ఏడున్నరకి కూర పొయ్యి మీద పడకపోతే డ్యూటీలకెళ్లే ఇళ్లలో చేప కొనరు. తొమ్మిదింటికొస్తే ఆవిడకి కనిపించేవి తాళం కప్పలే.

బస్సు పోయాక షేర్ ఆటోల్లో రెండు మూడు చోట్ల మారి వస్తోంది. గంపని చూసి సగం మంది ఎక్కించుకోరు. ఒక్కో ఇల్లే వాడుక మానేస్తోంది. ఇలాగే సాగితే గోపాలపట్నం రావడం మానుకోవాల్సిందే. కానీ ఇవన్నీ తాత్కాలికం కదండీ? మెట్రో వస్తే ఆవిడ పేటలోనే స్టేషను! ఆ శుభవార్త స్వయంగా వినిపిద్దామని నేనే ఆవిణ్ణి ప్రజాభిప్రాయ సేకరణకి తీసుకెళ్లాను.

ఏసీ కల్యాణమండపంలో పెట్టారు. కన్సల్టెంటు మోహనకృష్ణ గారు తెర మీద వీడియో వేశారు. అందులో అందరూ సన్నగా, తెల్లగా, వీపున లాప్‌టాప్ సంచులతో నడుస్తున్నారు. ఒక్కరికీ చెమట లేదు. విశాఖలో చెమట పట్టని మనుషుల్ని చూడటం నాకదే మొదలు. మేం టీ కొట్టు గోడ మీద గీసిన అడ్డ లైను వాళ్ల మ్యాపులోనూ ఉంది; జాలరిపేట నుంచి గోపాలపట్నానికి ఇరవై ఆరు నిమిషాలు అన్నారు. చప్పట్లు కొట్టాం. ప్రశ్నలుంటే అడగమన్నారు. కాశమ్మ లేచి నిలబడింది.

"బావూ, గంపతో ఎక్కనిత్తారా?"

"ఏం గంపమ్మా?"

"సేపల గంప."

మోహనకృష్ణ గారు చాలా మర్యాదస్తులు. విసుక్కోలేదు. "అది ఏసీ రైలమ్మా. వాసనొచ్చే సామాను తేకూడదు. కానీ మీ స్టేషనుకి మంచి థీమ్ అనుకున్నాం. గోడ మీద ఇరవై అడుగుల బొమ్మ! మత్స్యకార మహిళ, నెత్తి మీద చేపల గంప. మీరు ఒప్పుకుంటే మీ ఫొటోనే తీసుకుంటాం" అన్నారు.

"బొమ్మయితే గంప ఎత్తుకోవచ్చు, నానెత్తుకోకూడదేటి? బొమ్మకి వాసన రాదనా?"

హాలంతా నవ్వింది. కార్యదర్శిని కాబట్టి ముందు వరసలో కూర్చుని నేనూ నవ్వాను. ఫొటో తీసుకున్నారు. అందులో కాశమ్మ మాత్రం నవ్వలేదు.

చివర్లో కాగితాలు పంచారు. స్టేషన్‌లో మీకు కావలసిన సౌకర్యం ఏది? ఫుడ్ కోర్టు, సెల్ఫీ పాయింటు, వైఫై, పిల్లలు ఆడుకునే చోటు. టిక్కు పెడితే చాలు. కాశమ్మ తన కాగితం నా చేతికిచ్చింది.

"మీ సేతిరాత బాగుంటాదంట గదా బావూ. మా అయిదున్నర బస్సు మళ్లీ ఎయ్యమని రాయండి. ఆ నీడ మళ్లీ కట్టమని రాయండి. ఏ పాపిష్టోడు రాసిచ్చి పీకించినాడో గాని, ఆడి సెయ్యి పడిపోను!"

పెన్నుని ఎడం చేతిలోకి మార్చుకుని, మళ్లీ కుడి చేతిలోకే తీసుకున్నాను.

'ఇతరములు' అన్న గడిలో ఆవిడ చెప్పినట్టే రాశాను. అంతటితో ఊరుకోలేక, ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద ఇంకో అర్జీ కూడా రాశాను. షెల్టరు కట్టండి, బస్సు వెయ్యండి అని. అదే పెన్ను, అదే దస్తూరీ. తొమ్మిది రోజులు చూశాను. తొంభై రోజులు చూశాను. ఆఖరికి జవాబొచ్చింది. "సదరు స్థలము భావి మెట్రో స్టేషన్ ప్రాంగణమని స్థానిక సంఘమే తెలియజేసి ఉన్నందున, మీ కోరిక పరిశీలించుటకు వీలు లేదు." సాక్ష్యానికి షెల్టరు తీయించిన నా అర్జీ నకలు జతచేశారు. దస్తూరీ నిజంగానే బాగుంది.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. మొన్న గురువారం ముగించనివ్వలేదు.

మా అమ్మాయి హిమబిందు పురిటికి మా ఇంట్లోనే ఉంది. పసివాడికి మూడు వారాలు. తల్లికి పాలు చాలడం లేదు, వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బాలింతకి పాలు పడాలంటే పాలసొర చేప వండి పెట్టాలని మా వైపు అందరూ అంటారు. నాగశ్రీ చెబితే, గురువారం తెస్తానని కాశమ్మ మాటిచ్చింది. ఏడైంది, రాలేదు. ఎనిమిదైంది, రాలేదు. ఎనిమిదిన్నరకి గేటు చప్పుడైంది.

కాశమ్మ. మోకాళ్ల దాకా దుమ్ము. చీర వీపుకి అతుక్కుపోయింది. గంప మీద తడి గోనె కప్పి ఉంది.

"ఇంతాలస్యమేటి కాశమ్మా? ఆటో దొరకలేదా?"

"సొరసేప వాసన బావూ. ఏ ఆటోవోడూ గంప ఎక్కించుకోనన్నాడు. అయిదింటికి బయలెల్లి నడిసొచ్చినాను."

"జాలరిపేట నుంచా!"

"మరేటి సేత్తాను? పిల్ల బాలింతరాలు గదా. ఐసు కరిగిపోతంది, బేగి లోపలికట్టుకెల్లమనండి."

నాగశ్రీ మంచినీళ్లు తెచ్చింది. కాశమ్మ మెట్టు మీద కూర్చుని, చెంబెడు నీళ్లూ తాగి, అరికాళ్లు నొక్కుకుంటూ ఉంది. లోపల పసివాడి ఏడుపు వినిపిస్తోంది. "ఊరుకోరా అయ్యా, తెచ్చినాను గదా" అంది గుమ్మం వైపు చూసి.

నాకు సిగ్గేసింది. ఊరికే సిగ్గు కాదు, ఆవిడ కాళ్ల వైపు చూడలేనంత సిగ్గు. మెట్రో వద్దని నేనెప్పుడూ అనను. రావాలి. గంప పెట్టుకోవడానికి ఒక మూల చోటుంచుకుని మరీ రావాలి. కానీ రాబోయేదాని కోసం ఉన్నదాన్ని పీకించిన చెయ్యి నాది. ఆ మాట ఆవిడతో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. కాశమ్మకి చదవడం రాదు కాబట్టి, ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను.

ఇంతా చేసి నా మెట్రో అభిమానం సడలిందనుకోకండి! మోహనకృష్ణ గారి లెక్కలో జాలరిపేట నుంచి గోపాలపట్నానికి మెట్రోలో ఇరవై ఆరు నిమిషాలు. నెత్తిన గంపతో, వట్టి కాళ్లతో కాశమ్మకి మూడున్నర గంటలు పట్టింది.

అయినా మెట్రో కంటే ముందే వచ్చింది.