మెదడులో కర్చీఫ్

ఒక పెద్ద అడవిలో మృగసభకి గుమాస్తా కావాలి, గాడిదైనా ఫరవాలేదు అని చాటింపు వేశారు. అలా దొరికింది నాకు ఉద్యోగం. నా చదువంతా బస్టాండు వెనక తిన్న కాగితాలే. నమిలినంత మేరకు పండితుణ్ణే.

పని తేలికే. సభలో ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా రాయాలి. కాకపోతే ఏనుగుగారు లేచి "ముందుగా..." అనగానే నాకు కునుకొచ్చేసేది.

అధ్యక్షులు సింహంగారు గర్జించారు. "ఒరే గాడిదా! రెండుసార్లు మన్నించాను. ఈసారి కునికావంటే ఉద్యోగం ఊడుతుంది!"

వెళ్ళి పునుగుపిల్లి పిన్ని కాళ్ళ మీద పడ్డాను.

"ఏడవకురా వెధవా! ఈ కాఫీ పళ్ళు గింజల్తో సహా నమిలెయ్."

నమిలాను. కాసేపటికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పిన్నీ, నాకు తెలివి పెరిగింది!"

కొమ్మ మీద గుడ్లగూబ మాస్టారు నవ్వాడు. "లేనిది ఎలా పెరుగుతుందిరా? బస్టాండువాడివి కదా, నీ భాషలోనే చెప్తా. మెదడులో అలసటకి ఓ సీటుంది. అదొచ్చి కూర్చుంటే నిద్ర. ఈ గింజలో సరుకు ముందే వెళ్ళి ఆ సీట్లో కర్చీఫ్ వేసేస్తుంది. అలసట ఎక్కడికీ పోదు, ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటుంది."

"మన కోసం ఎంత శ్రమపడిందండీ ఆ మొక్క!"

"నీ మొహం! పురుగులు తినకుండా అది చేసుకున్న విషం రా అది."

పురుగులకి నాకంటే బుద్ధి ఉందన్నమాట.

మర్నాడు సభ అయ్యేదాకా రెప్ప వాల్చలేదు. సింహంగారు ముచ్చటపడి, నా రహస్యం కనుక్కుని, తనతో సహా సభ్యులందరూ ఆ పళ్ళు తినాల్సిందేనని తీర్మానం చేయించారు.

అక్కడే చెడింది. ఇన్నాళ్ళూ అధ్యక్షులవారు కునికితేనే సభ ముగిసేదని ఎవరూ గమనించలేదు. ఇప్పుడాయనకి కునుకే లేదు. మూడు రోజులు ఏకధాటిగా సభ! నక్కగారు ప్రతి మాటకీ ఓ సవరణ, ఆ సవరణకి మరో సవరణ. ఏనుగుగారు "ముందుగా" దాటనేలేదు.

మూడోనాటి మధ్యాహ్నం పళ్ళు అయిపోయాయి. కర్చీఫులు లేచిపోయాయి. ఫుట్‌బోర్డు మీదున్న అలసటంతా ఒక్కసారి లోపలికి తోసుకొచ్చింది. ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోయారు.

నేను తప్ప. ఉద్యోగ భయం కొద్దీ చెవిలో నాలుగు పళ్ళు దాచుకున్నాను మరి. అవి నములుతూ పొల్లు పోకుండా రాశాను: "అధ్యక్షులవారు: గుర్ర్ర్. ఏనుగుగారు బలపరిచారు. నక్కగారి సవరణ: ఈల."

సాయంత్రం సింహంగారు లేచి ఆ కాగితం చదివారు. మళ్ళీ చదివారు.

"అయితే నువ్వు మేలుకునే ఉన్నావన్నమాట?"

"ఒక్క కునుకు తీస్తే ఒట్టు, ప్రభూ!" అన్నాను రొమ్ము విరుచుకుని.

ఉద్యోగం ఊడింది.

నీతి: కొలువులో కునికినవాణ్ణి రెండుసార్లయినా మన్నిస్తారు, మేలుకున్నవాణ్ణి ఒక్కసారి కూడా మన్నించరు.