తెల్లగీతల నిర్మూలన సంఘం

మనిషి తలలో ఏముందో చూసేముందు ఆ తలకు భద్రత కల్పించడం నాగరికతకు మొదటి మెట్టు. 1986లో భిలాయి ఉక్కు కర్మాగారం వారి ఆసుపత్రి ఒకటి ఆ మెట్టెక్కి, అక్కడే కూర్చుంది.

ఆ ఏడే దానికి సీటీ స్కాను యంత్రం వచ్చింది. సేఫ్టీ ఆఫీసరు గణపతిరావు చూసి, తిరిగే యంత్రం కనుక దీనికీ కర్మాగారం పద్ధతే వర్తిస్తుందని తేల్చాడు: యంత్రంలోకి వెళ్లే ప్రతి వ్యక్తీ హెల్మెట్టును శరీరముపై ధరించవలెను. (పడుకుని వెళ్లేవారికి మినహాయింపు లేదు.)

ఆ ఊళ్లోనే మరోదా అనే పేటలో గిన్నెల కొట్టు నడిపే తాతబ్బాయి భార్య తులసమ్మకు కొన్నాళ్లుగా తలనొప్పి. హెల్మెట్టు పెట్టి స్కాను తీశారు. దాని ఇనుప మేకుల నుంచి తెల్లగీతలు బయల్దేరి బొమ్మంతా చీపురుపుల్లల్లా పరుచుకున్నాయి.

"ఇందులో గడ్డేటి, గీతేటి డాక్టరమ్మా?" అన్నాడు తాతబ్బాయి.

"అదే తెలియడం లేదు బాబాయ్," అంది డాక్టరు జ్ఞానప్రసూన. "యంత్రం తల చుట్టూ తిరిగి, అన్ని వైపుల నుంచీ లెక్క కట్టి బొమ్మ గీస్తుంది. ఇనుము అడ్డొస్తే లెక్క చెడుతుంది. గడ్డే అయితే ఆపరేషనుకు నాగపూర్ పంపాలి."

తాతబ్బాయికి వెంటనే బోధపడింది. తక్కెడ మీద వేలుంచి ఎన్నిసార్లు తూచినా సరుకు బరువు తేలదు.

గణపతిరావుకు బోధపడలేదు. "నియమం నియమమే సేఠ్ జీ. హెల్మెట్టు తియ్యాలంటే తలలో దోషం లేదని సర్టిఫికెట్ తెండి."

"స్కాను తీస్తేనే కదండీ అది తెలస్తాది?"

"సహీ బాత్. తియ్యండి. హెల్మెట్టుతో."

అంతటితో ఊరుకోక, ఆయన అధ్యక్షతన తెల్లగీతల నిర్మూలన సంఘం ఏర్పడింది. మొదటి సమావేశం గీతలను నల్లసిరాతో పూడ్చింది. రెండోది అన్ని బొమ్మలూ కలిపి సగటు తీసింది. గీతలు పలచబడ్డాయి, తులసమ్మ మెదడు కూడా పలచబడింది. మూడోది యంత్రానికి కొబ్బరికాయ కొట్టింది. (కొట్టినవాడికి హెల్మెట్టు ఉంది.)

"నెత్తి నొప్పని వొస్తే నెత్తిమీద ఇంకో బరువెట్టినారు," అని తులసమ్మ నవ్వింది. నవ్వాక కూడా మొగుడి చెయ్యి వదల్లేదు.

తాతబ్బాయి ఆ నియమాన్ని మార్పిడికొచ్చిన పాత బిందెలా తిప్పి తిప్పి చూశాడు. సొట్ట దొరికింది.

"ఆఫీసరు గారూ, మోకాలు శరీరమేనా?"

గణపతిరావు నియమాన్ని మరోసారి చదువుకున్నాడు. "శరీరమే."

"మరింకేటి?"

గణపతిరావు హెల్మెట్టును తులసమ్మ మోకాలికి తొడిగి, జారకుండా బెల్టు తానే బిగించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. గీత లేదు, గడ్డా లేదు.

"కళ్లజోడు వేయించుకో పిన్నీ, చాలు," అంది డాక్టరు. తాతబ్బాయి ఆసుపత్రంతా జిలేబీ పంచాడు. గణపతిరావు రెండోసారి కూడా చెయ్యి చాపాడు.

వారం తిరక్కుండా సంఘం తుది నివేదిక ఇచ్చింది: "రోగి తలలో దోషము లేనందుననే గీతలు తొలగినవి. కావున ఇకపై తలలో దోషము లేనివారిని మాత్రమే స్కానుకు పంపవలెను."