ఉతికిన జెండా మీద విచారణ

మన జాతీయ జెండా ఒక్కరోజులో తయారైంది కాదు. ఒకప్పుడు పైన తెలుపు, నడుమ పచ్చ, కింద ఎరుపు ఉండేవి. తరువాత కాషాయం పైకెక్కింది, తెలుపు నడుమకు దిగింది, రాట్నం పోయి చక్రం వచ్చింది. 1947తో ఆ పని ముగిసిందని చరిత్రకారులు అనుకుంటున్నారు. పాపం, వాళ్లకు తెలియదు. 1989లో దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆఫీసులో (పేరెందుకు, అందరికీ బదిలీల భయం ఉంది) జెండా ఇంకో అడుగు ముందుకు వేసింది.

వేయించినవాడు దస్రు, ఏళ్ల తరబడి టెంపరరీ అటెండరు. ఆగస్టు దాటగానే పర్మినెంటు చేయిస్తానని పెద్దసారు మాటిచ్చారు. ఆ సంతోషంలో, ఏడాదంతా బీరువాలో ఎలుకలతో కాపురం చేసిన జెండాను దస్రు పద్నాలుగో తారీఖున తండాకు తీసుకెళ్లాడు. భార్య రూప్లి దాన్ని తన కొత్త ఎర్ర లంగాతో కలిపి నానబెట్టి, ఉతికి, పొయ్యి పైన దండేనికి ఆరేసింది. తెల్లవారకముందే దస్రు దాన్ని మడిచి, లోపల బంతిపూలు పోసి, స్తంభానికి కట్టేశాడు (ఆ వారం కరెంటు లేదు).

పొద్దున పెద్దసారు తాడు లాగారు. పూలు రాలాయి. జెండాలో కాషాయం ఉంది, పచ్చ ఉంది, నడుమ తెలుపుకు బదులు ఎరుపు ఉంది. ఈ అడవిలో ఎర్రజెండా కనపడితే ఏం చేయాలో ఎస్సైగారికి తెలుసు. జాతీయగీతం వినపడితే ఏం చేయాలో కూడా తెలుసు. రెండూ కలిసి వస్తే ఏం చేయాలో ట్రైనింగులో చెప్పలేదు. కుడిచెయ్యి సెల్యూట్‌లో, ఎడమచెయ్యి తుపాకీ మీద పెట్టుకుని గీతం పూర్తిచేశారు.

విచారణకు పతాక వర్ణ విచారణాధికారి జంపయ్యగారు వచ్చారు.

"జెండా ఎర్రగ ఎందుకైంది? నీ ఎనకాల ఎవరున్నరు?"

"నా పెండ్లామే ఉన్నది సారూ" అన్నాడు దస్రు.

రూప్లి ముందుకొచ్చింది. "మురికిగుంటే ఉతికిన. గది గూడ తప్పేనా? ఆయన నౌకరీ తియ్యకుండ్రి సారూ. కావాల్నంటే లంగా జప్తు చేసుకోండ్రి."

జంపయ్యగారు న్యాయంగానే తేల్చారు. ఎరుపు జెండా చరిత్రలో ఉన్నదే కనుక జెండా నిర్దోషి. లంగా ప్రభుత్వ ఆస్తి కాదు కనుక విచారణ పరిధిలోకి రాదు. ఇక మిగిలింది ఉతకడం. ఉతకనివాళ్ల వల్ల ఆఫీసుకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. దస్రును తీసేశారు. చెప్పొద్దూ, అదే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకు ఆ రోజు ఒళ్లు మండిపోయింది.

జెండాకు నీళ్లు తగలరాదని కొత్త రూలు పెట్టి, కొత్త జెండా తెప్పించారు. ఇప్పుడు దాని మూడు రంగులూ మురికిలో ఒక్కటైపోయాయి. ఎవరికీ అభ్యంతరం లేదు. ప్రతి ఆగస్టు పదిహేనుకు దస్రు ప్రహరీ బయట నిలబడి దానికి సెల్యూట్ కొడతాడు. అందుకు ఉద్యోగం ఉండాలన్న రూలు ఇంకా రాలేదు.