ఫలహారాల బల్ల దగ్గర పట్టుబడ్డ గూఢచారి

గురువారం ఉదయం ఉర్సులా ట్విగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సూదులు కొనే వంకతో బయటపడి, మధ్యాహ్నం మూడింటికి స్టేషను గడియారం కింద ఆంబ్రోస్‌ను కలవాలి. సెలవు అయిపోయి అతను మూడున్నర బండికి ఫ్రాన్సుకు, మళ్ళీ యుద్ధంలోకి పోతున్నాడు. పెళ్ళి మాట ఈసారి తేలకపోతే, ఇక ఎప్పుడైనా తేలుతుందో లేదో ఎవరు చెప్పగలరు?

ఆంబ్రోస్ చేపల కొట్టువాళ్ళ అబ్బాయి. ఉర్సులా తండ్రి హోరేస్ బ్యాంకులో పెద్ద గుమాస్తా, పైగా ఇంటికొచ్చే ప్రతి ఉత్తరం తానే చింపి చూసే రకం. అందుకని ప్రేమికులిద్దరూ ఊరి పత్రికలో, వ్యక్తిగత ప్రకటనల వరసలో, మారుపేర్లతో రాసుకుంటున్నారు. ఖర్మకొద్దీ హోరేస్ యుద్ధం వచ్చాక స్వచ్ఛంద కానిస్టేబులై, మెడలో ఈల వేసుకుని, గూఢచారుల కోసం రోజూ ఆ వరసనే గాలిస్తాడు. రొట్టెకు రాసుకునే నారింజ మార్మలేడ్ అంటిన జిగురు వేళ్ళతో పత్రిక పట్టుకుని పైకి చదువుతాడు. ఎనిమిది నెలలుగా కూతురి ప్రేమలేఖలు తండ్రే ఆమెకు చదివి వినిపిస్తున్నాడన్నమాట.

ఆ ఉదయం ఫలహారాల బల్ల దగ్గర, ఉర్సులా అప్పటికే దొంగచాటుగా చూసుకున్న ప్రకటన మీదికే హోరేస్ చూపు పోయింది. "విను. 'పావురానికి. గురువారం మూడింటికి స్టేషను గడియారం కింద. ఒప్పుకుంటే తెల్ల చేమంతి పెట్టుకుని రా. ఇట్లు, ఓక్ చెట్టు.' దొరికారు దొంగలు."

ఉర్సులాకు టీ పొలమారింది. "ఎవరో ప్రేమికులేమో నాన్నా."

"ప్రేమికులకు స్టేషనెందుకే? వంతెన పేల్చడానికి ఒప్పుకుంటే అని దీని అర్థం. నువ్వు చేమంతి పెట్టుకుని గడియారం కింద నిలబడు. వాడు నీ దగ్గరికి రాగానే నేను ఈల వేస్తాను."

"నేనా?"

"ఆడపిల్లవి, నిన్నెవడు అనుమానిస్తాడు?" అంటూ పెరట్లోంచి పువ్వు కోసుకొచ్చి, కూతురి కోటుకు తన చేత్తోనే గుచ్చాడు.

అంతటితో ఆగినా బాగుండేది. "ఎవరితో అనకు" అంటూ హోరేస్ ఈ సంగతి నలుగురు తోటి కానిస్టేబుళ్ళ చెవిన వేశాడు. ఎరగా ఒక్క మనిషి చాలడని వాళ్ళలో ప్రతివాడికీ తోచి, తానూ పువ్వు పెట్టుకుని, తలా ఒకరిద్దరికి పెట్టి తీసుకొచ్చారు. మూడింటికి గడియారం కింద పదకొండు తెల్ల చేమంతులు నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి రొట్టెల కొట్టు గిబ్బన్ బొజ్జ మీద ఉంది.

వచ్చిన ఆంబ్రోస్ అందరినీ చూసి బిత్తరపోయాడు. చివరికి ఉర్సులా కనపడగానే జేబులో చెయ్యి పెట్టాడు. హోరేస్ ఈల మోగింది. కానిస్టేబుళ్ళు మీద పడటంతో అతని చేతిలోంచి చిన్న పెట్టె జారి దొర్లింది.

"బాంబు," అన్నాడు గిబ్బన్. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా బోర్లా పడుకున్నారు.

ఉర్సులా ఒక్కతే నడిచి వెళ్ళి పెట్టె తీసి మూత తెరిచింది. ఉంగరం. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఒప్పుకున్నాను ఆంబ్రోస్. పువ్వు మా నాన్నే స్వయంగా పెట్టారు."

ఈల విని పోలీసు ఇన్‌స్పెక్టరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా హోరేస్, గూఢచారి ఏడీ?"

హోరేస్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పావురం ఎవరో, ఓక్ చెట్టు ఎవరో ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఎనిమిది నెలలుగా తాను గొంతు సవరించుకుని చదివిన 'ప్రియమైన' పిలుపులన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ సంగతి బయటపడితే బ్యాంకులో తలెత్తుకోలేడు.

"గూఢచారేమిటండీ?" అన్నాడు. "మా కాబోయే అల్లుడు. యుద్ధానికి పోతుంటే సాగనంపడానికి వచ్చాం."

"మరి అందరికీ ఈ చేమంతులేమిటి?"

"నిశ్చితార్థం కదండీ."

బండి కదిలేదాకా ఆంబ్రోస్ ఉర్సులా చెయ్యి వదల్లేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు హోరేస్ ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఇక ఉత్తరాలు ఇంటికే రాయమను. నేను విప్పను" అన్నాడు.

రెండు వారాలకు మొదటి ఉత్తరం వచ్చింది. కవరు విప్పి, మళ్ళీ అంటించి ఉంది. సైన్యంలో సెన్సారువాళ్ళు అందరి ఉత్తరాలూ అలాగే విప్పుతారని హోరేస్ విడమరిచి చెప్పాడు. అతికిన చోట మార్మలేడ్ ఇంకా ఆరలేదు.