పోపు ఘాటుకి కూచున్న యుద్ధం

ఇలా దగ్గరికి జరిగి కూచోండి, గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదిది: అనకాపల్లిలో టిఫిన్లమ్మే వరహాలమ్మ కూతురు నూకరత్నానికి సైన్యంలో ఉద్యోగం వచ్చిననాడు, ఆ పిల్లని అరచేతిలో పట్టే ఆటపెట్టెలో పెట్టి, ఛార్జరుతో సహా తల్లి చేతికే ఇచ్చి వెళ్ళారు.

అప్పటికి అదే పద్ధతి. సరిహద్దులో గుడారాలు వేసి, అంతమందికి వండి వార్చి, ఉత్తరాలు మోసి మోసి సర్కారు అలిసిపోయింది. ఎవరి పిల్లల్ని వాళ్ళే ఇంట్లో ఉంచుకుని యుద్ధం చేయించాలని జీవో వచ్చింది. వీధిలో అందరూ మంచి పనే అన్నారు. వరహాలమ్మ అయితే ఆ జీవో ఇచ్చిన ఆఫీసున్న దిక్కుకి తిరిగి దండం పెట్టింది. యుద్ధానికి పోయిన పిల్ల కొంగులో ముడేసుకునేంత దగ్గర్లో ఉండటం ఏ తల్లికి దొరుకుతుంది చెప్పండి?

పెట్టెలో నూకరత్నంతోపాటు, ఇంట్లో ఆడించేవాళ్ళు లేని ఇంకో ఇద్దరున్నారు. బాజీది గుంటూరు, గురి పెట్టి కాల్చడంలో దిట్ట, కానీ దుమ్ము పడదు. ఐలయ్యది వరంగల్లు పక్క పల్లె, తలుపులు బద్దలుకొట్టడంలో తర్ఫీదు అయినవాడు. జట్టుకి నలుగురుండాలి గానీ నాలుగో పోస్టు ఖాళీ. భర్తీ చేస్తామని చెప్తూనే ఉన్నారు. ఖాళీ పోస్టుకి కూడా ఆజ్ఞ ఇవ్వాలని నిబంధన కాబట్టి వరహాలమ్మ రోజూ లేని మనిషిని పిలిచి, "నువ్వు వెనకనుంచి కాపు కాయి నాయనా" అనేది. లేనివాడు ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

ఆడించడం కష్టమేమీ కాదు. ఎడమ బొటనవేలితో నడిపించాలి. కుడి పక్క నాలుగు బొత్తాలు: ముందుకు వెళ్ళు, కాల్చు, చాటుకి తప్పుకో, కూచో. వరహాలమ్మకి చదువు రాదు గనక వాటి మీద వరుసగా కుంకుమ, మసి, సున్నం, పసుపు బొట్లు పెట్టుకుంది. పసుపు నొక్కితే ముగ్గురూ చతికిలబడి కూచుంటారు. ఒక్కొక్కరి నెత్తి మీద ఆకుపచ్చ గీత ఉంటుంది, అదే ప్రాణం. గీత చెరిగిపోతే పెట్టెని జెండా గుడ్డలో చుట్టి టీవీ పక్కన పెట్టుకోవాలి. ఎదురింట్లో అలాంటిది ఒకటి ఉంది. దాన్ని కూడా రోజూ తుడుస్తారు.

జట్టు పట్టుకోవలసింది ఒక సిమెంటు గోడౌను. వరహాలమ్మ రోజూ పొద్దున్నే వాళ్ళని దాని ఎదురుగోడ దాకా తెచ్చేది, పసుపు బొత్తాం నొక్కేది, ఇడ్లీ పాత్ర దించుతూ కబుర్లు పెట్టేది. మధ్యాహ్నానికి బేరం తగ్గాక వెనక్కి తోలుకొచ్చేది.

ఒకనాడు వార్డు యుద్ధ సహాయకుడు శేషగిరి వచ్చాడు. మంచివాడే, తిన్న ప్లేటు తనే కడిగే రకం.

"ఏటి పిన్నీ, మీ యుద్ధం బొత్తిగా కదల్లేదు?"

"కదల్లేదేటి బాబూ? నిన్న గోడ దాకా తెచ్చాను కదా."

"దీపావళినించీ ఆ గోడకాడే ఉన్నారు."

"నీడ బాగుంటాదక్కడ."

పెట్టెలోంచి బాజీ కేకేశాడు: "పిన్నిగారూ, ఇవాళ ఏం పచ్చడి?"

"నోర్మూసుకోరా బాజీగా! సార్ ఉన్నడు," అని ఐలయ్య గదిమాడు.

శేషగిరి పీట మీద కూచోలేదు. నేలచూపులు చూశాడు. "ఇవాళ గోడౌను లోపలికి ఎల్లకపోతే పెట్టె తీసుకెళ్ళిపోమన్నారు పిన్నీ. పక్క వార్డులో బాగా ఆడించే ఇల్లుంది, అక్కడికి బదిలీ. ఆళ్ళు ముందుకు తప్ప నొక్కరు. ప్రశంసాపత్రం కూడా వచ్చింది."

"ఆళ్ళ జట్లు బతికున్నాయా?"

"అది వేరే విభాగం చూస్తాది."

వరహాలమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. పెట్టెలో నూకరత్నం టోపీ సరిచేసుకుని, "అమ్మా, కుంకుమ బొత్తాం నొక్కీయే. ఎవరి చేతిలోనో కంటే నీ చేతిలోనే నయం," అంది.

"పొద్దున్నే ఏం మాటలే అవి? నాలిక కాలుస్తాను."

అన్నది గానీ వేరే దారి లేదు. పెట్టెని పొయ్యిగట్టు మీద పెట్టుకుని, కుంకుమ బొట్టు నొక్కింది. ముగ్గురూ లేచారు. గోడ దాటారు. ఐలయ్య గోడౌను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు, నూకరత్నం తుపాకీ ఎత్తింది. ఇటు మూకుడులో నూనె పొగలొస్తోంది. యుద్ధమని పచ్చడికి పోపు మానేస్తారా ఎవరైనా? ఆవిడ ఎండుమిరపకాయలు తుంపి వేసింది. ఘాటు గుప్పుమని లేచి, శేషగిరి కళ్ళలో నీళ్ళు తెప్పించి, పెట్టెకి మాట వినిపించే చిల్లుల్లోంచి లోపలికి దూరింది.

సరిగ్గా గడప మీద బాజీ తుమ్మాడు. ఒక్కటే.

శేషగిరిదీ అనకాపల్లే. గుమ్మంలో ఒంటి తుమ్ము వినిపించాక ఎవరూ అతనికి చెప్పనక్కర్లేదు. వరహాలమ్మ పసుపు బొట్టు నొక్కింది. ముగ్గురూ గడప ఇవతల కూచుని నీళ్ళసీసా తీశారు. శేషగిరి కూడా పీట లాక్కుని కూచున్నాడు.

"రెండోది వస్తే మాత్రం శుభమే పిన్నీ. ఎల్లిపోవచ్చు."

రెండోది వస్తోంది. బాజీ ముక్కుపుటాలు ఎగిరాయి, నోరు తెరుచుకుంది, తల వెనక్కి వాలింది. నూకరత్నం ఒక్క దూకు దూకి అరచేత్తో వాడి ముక్కూ నోరూ కలిపి మూసేసింది. ఆ పిల్ల అంతవరకు చేసిన యుద్ధమంతా ఒకెత్తు, ఆ ముక్కు మూయడం ఒకెత్తు. వాడి కళ్ళు బయటికొచ్చాయి, చెవులు ఎర్రబడ్డాయి, తుమ్ము మాత్రం రాలేదు.

అప్పుడు గోడౌను కిటికీలోంచి కనపడింది. తలుపు వెనకే అవతలి జట్టు పొంచి ఉంది, తుపాకులన్నీ గడపకేసి గురిపెట్టి. ఒక్కడుగు లోపల పడితే ముగ్గురి గీతలూ చెరిగిపోయేవే. కానీ ఆ తుపాకులు మెల్లగా కిందికి దిగాయి. వాళ్ళూ కూచున్నారు. వాళ్ళలో ఒకడు సీసా మూత తీసి పక్కవాడికి అందించాడు.

అంటే అవతల, ఏ ఊళ్ళోనో, ఏ వంటింట్లోనో, ఆ పెట్టె కూడా ఒకావిడ చేతిలో ఉంది. ఆవిడా తుమ్ము వింది, ఆవిడా కూచోబెట్టింది. వరహాలమ్మ గరిటెతోనే రెండు చేతులూ జోడించింది.

శేషగిరి ఫోన్లో నివేదిక పంపాలి. అందులో ముందుకు, వెనక్కి, అమరులు అని మాత్రమే ఉన్నాయి, కూచున్నారు అని లేదు. పై ఆఫీసుకి ఫోన్ చేశాడు. తుమ్ము ఒంటిదా, జంటదా అని అడిగారు. ఒంటిదే అన్నాడు. ఫైలు ఇంకా పైకి వెళ్ళింది. ఒంటి తుమ్ము మీద బయల్దేరమని సంతకం పెట్టడానికి పైన ఎవరికీ చెయ్యి రాలేదు. సాయంత్రానికి జవాబొచ్చింది: "ముందుకు వెళ్ళుటకు సిద్ధముగా ఉన్నారు" అని రాయండి, పరిస్థితిలో మార్పు లేనంత వరకు అదే కొనసాగించండి. పెట్టె బదిలీ ఆగిపోయింది. అప్పటికి శేషగిరి ఇడ్లీ తిని, ప్లేటు కడిగి బోర్లించాడు.

ఆనాటినుంచి వరహాలమ్మ ఇంట్లో పోపు లేని పొద్దు లేదు. యుద్ధం ఇంకా జరుగుతోంది. మన బలగాలు సిద్ధంగా ఉన్నాయని వార్తల్లో చెప్తూనే ఉన్నారు. శేషగిరికి ప్రమోషన్ వచ్చింది. నాలుగో పోస్టు ఖాళీగానే ఉంది. నూకరత్నం చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఒకసారి ఆ నెరుపు చూసి, తల్లి పెట్టె గాజుపలక మీద వేలితో పిల్ల తల నిమరబోయింది. పెట్టె దాన్ని ఆజ్ఞ అనుకుని పిల్లని గడపకేసి రెండడుగులు నడిపించింది. ఆ తర్వాత ఎప్పుడూ నిమరలేదు.

అయినా ఆవిడకి కొరత లేదు. దీపాలు పెట్టే వేళ పెట్టెకి ఛార్జింగ్ పెట్టి, కరెంటు వాళ్ళని, మిరపకాయల్ని, బాజీ ముక్కుని, ఆ అవతలి ఆవిడని పేరు పేరునా తలుచుకుంటుంది. ఆవిడ పేరు తెలీదు గనక, అక్కని పిలిచినట్టు "అప్పా" అంటుంది. వీధిలో మిగతా ఇళ్ళలో, యుద్ధానికి పిల్లల్ని పంపనివాళ్ళు కూడా అదే వేళకి అరచేతిలో గాజుపలక పట్టుకుని, అందులోని పిల్లల్ని "తిన్నావా అమ్మా?" అని అడుగుతుంటారు. పిల్ల కళ్ళముందే ఉంది, అదే పదివేలు అంటారు.

ఈ సంగతి మర్చిపోకండి. ఇంటికెళ్ళి మీవాళ్ళకి చెప్పండి, కుంకుమ బొత్తాం మీద వేలున్నవాళ్ళు ఎవరైనా కనిపిస్తే మరీ మరీ చెప్పండి. వెళ్ళొస్తామంటున్నారా? ఉండండుండండి, ఎవరో తుమ్మారు, ఒక్కటే. కూచోండి, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్దురుగాని.